ఉప్పునీళ్లలో గ్లూకోజ్ ఎందుకు? కణత్వచంలోని తూములూ లాకులూ

గోదావరి వరద తీశాక లంక గ్రామాల్లో ముందు ఒండ్రు కనిపిస్తుంది, ఆ వెనకే విరేచనాలు మొదలవుతాయి. వరద నీళ్లు బావుల్లోకీ బోరింగుల్లోకీ దిగిపోతాయి మరి. అలాంటి రోజుల్లోనే మా వీధి చివర మందుల షాపు దగ్గర ఒకాయన ఓ చేతిలో ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టు, ఇంకో చేతిలో పళ్ల బొమ్మ ఉన్న డ్రింకు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

"ఏవండీ, నీళ్లు పోతుంటే ఉప్పునీళ్లు తాగమంటే అర్థముందండి. ఈ తీపెందుకండి మధ్యలో? పోనీ తీపి మంచిదే అనుకుంటే, ఎక్కువున్న ఈ డబ్బా ఇంకా మంచిదవ్వాలి గదండి?"

షాపాయన "డాక్టర్లు ప్యాకెట్టే వాడమంటున్నారండి" అని తేల్చేశాడు. ఆ పెద్దమనిషి అడిగినవి మాత్రం రెండూ గట్టి ప్రశ్నలు. ఉప్పుకి తీపి తోడెందుకు? తోడు మంచిదైతే ఎక్కువ తోడు చెడుపెందుకు? పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకున్న తీపి డ్రింకుల మీద దేశమంతా గొడవ నడిచింది గానీ, ఈ రెండు ప్రశ్నలకీ జవాబు మన పేగు లోపలి కణాల పై పొరలో ఉంది. ఆ పొరే కణత్వచం.

పేర్ల చిక్కు, మందం లెక్క

పాఠ్యపుస్తకాల్లో ఒకచోట కణత్వచం అనీ మరోచోట ప్లాస్మా పొర అనీ ఉంటుంది. రెండూ ఒకటే. కణకవచం మాత్రం వేరు. అది మొక్కల కణాలకి త్వచం బయట ఉండే గట్టి గోడ. ఎండిన కొబ్బరి పీచుని లాగితే తెగకుండా నిలబడేది ఆ గోడలే. పీచులో బతికున్న త్వచం ఏమీ మిగిలి ఉండదు. జంతు కణాలకి కవచం లేదు, త్వచమే ఉంది.

దాని మందం 7 నుంచి 8 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరుని పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు అనుకుంటే, పదివేల త్వచాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక వెంట్రుకవుతుంది. ఇంత పల్చటిది అసలుందని ఎలా తెలిసిందన్నది నాకు త్వచం కంటే ఆసక్తిగా అనిపించే కథ.

అరెకరం చెరువులో చెంచాడు నూనె

బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ పక్కన క్లాపమ్ అనే చోట ఒక చెరువులో చెంచాడు నూనె పోశాడు. అది పరుచుకుంటూ పోయి సుమారు అరెకరం మేర నీటిని అద్దంలా చేసేసింది. ఆ సంగతి 1774లో అచ్చయింది. ఆయన అక్కడితో ఆగిపోయాడు గానీ మనం లెక్క వేద్దాం. అరెకరం అంటే యాభై సెంట్లు, దాదాపు 2,000 చదరపు మీటర్లు. చెంచాడు అంటే 5 మిల్లీలీటర్లు. అంత నూనెని అంత మేర పరిస్తే మందం 2.5 నానోమీటర్లు వస్తుంది. నూనె అణువు ఒక్కటి నిలబడితే ఉండే ఎత్తు ఇంచుమించు అంతే. అంటే చెరువు మీద పరుచుకున్నది ఒకే ఒక్క అణువు మందం పొర.

తర్వాత ఈ పని ముందుకు తీసుకెళ్లింది జర్మనీలో ఒక ఇంటి వంటగది. ఆగ్నెస్ పోకెల్స్ కాలేజీ మెట్లు ఎక్కలేదు. గిన్నెలు తోముతూ నీటి మీద జిడ్డు ఎలా పరుచుకుంటుందో గమనించి, రేకు తొట్టితో కొలతలు తీసింది. ఆ ఉత్తరం 1891లో నేచర్ పత్రికలో వచ్చింది. ఇక 1925లో నెదర్లాండ్స్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల్లోంచి కొవ్వుని తీసి, ఆ తొట్టి పద్ధతిలోనే నీటి మీద పరిచారు. కణాల పైభాగం మొత్తం ఎంతో, కొవ్వు దానికి రెట్టింపు మేర పరుచుకుంది. అయితే కణం చుట్టూ కొవ్వు రెండు వరసల్లో ఉందన్నమాట.

వాళ్ల లెక్కలో రెండు తప్పులున్నాయి. కొవ్వు పూర్తిగా దిగలేదు, కణం వైశాల్యాన్నీ తక్కువ కట్టారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు ఒప్పయింది! పరీక్షలో ఇలా రాస్తే మా మాస్టారు సున్నా వేసేవారు.

ఆ కొవ్వు అణువు పేరు ఫాస్ఫోలిపిడ్. దానికో తల, రెండు తోకలు. తలకి నీళ్లంటే ఇష్టం, తోకలు నూనె జాతి, నీళ్లు పడవు. ఇలాంటివి కోట్ల కొద్దీ నీళ్లలో వేస్తే ఎవరూ చెప్పకుండానే సర్దుకుంటాయి. తలలు బయటి నీటి వైపూ లోపలి నీటి వైపూ తిరిగి, తోకలు మధ్యలో దాక్కుంటాయి. రెండు వరసల పొర తయారు. దీన్ని కుట్టేవాడూ అతికించేవాడూ లేడు. సన్నటి సూదితో గుచ్చి తీస్తే ఆ కన్నం దానంతటదే పూడుకుంటుంది.

పూతరేకు పోలిక ఎక్కడ చెడుతుంది

పల్చటి పొర అనగానే మా వైపు వాళ్లకి ఆత్రేయపురం గుర్తొస్తుంది. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగడం, చిటికెలో కాగితం లాంటి రేకు. త్వచాన్ని కూడా చాలామంది అలాంటి రేకు అనే ఊహించుకుంటారు. చాలాకాలం శాస్త్రవేత్తలూ దాదాపు అలాగే ఊహించారు. 1935లో డావ్సన్, డానియెల్లి ఇచ్చిన నమూనాలో మధ్యలో కొవ్వు, అటూ ఇటూ ప్రోటీన్ల పూత ఉండేవి.

ఆ బొమ్మని చెరిపేసిన ప్రయోగాల్లో 1970లో ఫ్రై, ఎడిడిన్ చేసినది ముఖ్యమైంది. ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపి ఒకే కణం చేశారు. ఎలుక ప్రోటీన్లకి ఒక రంగు, మనిషి ప్రోటీన్లకి ఒక రంగు. మొదట సగం ఒక రంగూ సగం ఇంకో రంగూ. ఒంటి వేడిలో నలభై నిమిషాలు ఉంచితే రెండు రంగులూ కణమంతా కలిసిపోయాయి. పూతరేకు మీద చుక్కలు పెడితే ఎక్కడివక్కడే ఉంటాయి. ఇక్కడ చుక్కలు నడిచాయి, కాబట్టి త్వచం రేకు కాదు, ద్రవం. 1972లో సింగర్, నికల్సన్ దీనికి ద్రవ మొజాయిక్ నమూనా అని పేరు పెట్టారు. కొవ్వు ద్రవంలో ప్రోటీన్లు తేలుతూ, కొన్ని ఈ కొస నుంచి ఆ కొసకి దూసుకుని ఉంటాయి.

ద్రవం అన్నాక ఎంత పల్చన, ఎంత చిక్కన అన్నది తేలాలి. కోనసీమలో చలికాలం పొద్దున్నే కొబ్బరినూనె సీసా గడ్డకట్టి ఉంటుంది, పక్కన నువ్వులనూనె మాత్రం కదులుతూనే ఉంటుంది. కొబ్బరినూనె తోకలు ఎక్కువ శాతం తిన్నగా ఉంటాయి, కట్టెల మోపులా దగ్గరగా పేరుకుంటాయి. నువ్వులనూనె తోకల్లో వంపులుంటాయి, వంకర కట్టెలు సరిగ్గా పేరుకోవు. త్వచంలోనూ ఇదే కథ. చల్లటి నీళ్లలో బతికే చేపల త్వచాల్లో వంపు తోకలు ఎక్కువ. మన త్వచాల్లో కొలెస్ట్రాల్ చేసే పని కూడా ఇక్కడిదే. తోకల మధ్య దూరి, వేడికి మరీ పల్చబడకుండా, చలికి మరీ బిగుసుకోకుండా చూస్తుంది. రక్తపరీక్ష కాగితంలో చూసి టెన్షన్ పడే కొలెస్ట్రాల్ లేకపోతే ఒక్క కణం కూడా నిలబడదు.

తూము, లాకు, మోటారు

నూనె పొరలోంచి ఏది దాటుతుంది? ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, సారా లాంటివి సులువుగా దాటేస్తాయి. నీళ్లు కొద్దికొద్దిగా దాటతాయి. సోడియం, పొటాషియం, క్లోరైడ్ లాంటి విద్యుదావేశం ఉన్న అయాన్లు దాటలేవు. నీళ్లని అంటిపెట్టుకుని ఉండే గ్లూకోజూ దాటలేదు. వాటికి ప్రోటీన్ల దారి కావాలి. పుస్తకం భాషలో దీన్ని "విచక్షణ ఉన్న పొర" అంటారు. విచక్షణ అంతా ప్రోటీన్లదే, నూనెది అడ్డం పడుకోవడం ఒక్కటే.

ఆ ప్రోటీన్లు మూడు రకాలు. మా కాలువల మీద మూడూ ఉన్నాయి.

మొదటిది తూము. తలుపెత్తితే నీళ్లు పల్లానికి పోతాయి, ఎవరూ తొయ్యక్కర్లేదు. త్వచంలోని తూముల్లో నీళ్ల కోసమే ఉన్నది ఆక్వాపోరిన్. పీటర్ ఆగ్రే బృందం 1992లో దాని పనిని బయటపెట్టింది. ఒక్కో తూములోంచి సెకనుకి సుమారు 300 కోట్ల నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి పోతాయి. పొటాషియం తూము ఇంకా చిత్రం. పొటాషియం కంటే సోడియం అయాను చిన్నది, అయినా తూము పెద్దదాన్ని పోనిచ్చి చిన్నదాన్ని ఆపేస్తుంది. అయాన్లు నీటి అణువులని చుట్టూ కప్పుకుని తిరుగుతాయి. తూములో దూరాలంటే ఆ దుప్పటి తీసెయ్యాలి. తూము లోపలి గోడకున్న ఆక్సిజన్లు పొటాషియానికి సరిగ్గా ఆ దుప్పటిలాగే అమరుతాయి. సోడియానికి వదులైపోతాయి, కాబట్టి అది దుప్పటి వదలదు, లోపలికి రాదు. రోడరిక్ మెకినన్ 1998లో ఆ తూము ఆకారాన్ని చూపించాడు. 2003 రసాయన నోబెల్ ఆగ్రే, మెకినన్ ఇద్దరికీ వచ్చింది.

రెండోది లాకు. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా కట్టించిన ఆనకట్ట నుంచి పుట్టిన కాలువలు సాగుకే కాదు, పడవలకీ దారి. ఎగువ మట్టం నుంచి దిగువకి పడవ దిగాలంటే ధవళేశ్వరం, విజ్జేశ్వరం లాకుల్లాంటివి కావాలి. పడవ తొట్టిలోకి వస్తుంది, వెనక తలుపు మూస్తారు, మట్టం సర్దుతారు, అప్పుడు ముందు తలుపు తీస్తారు. రెండు తలుపులూ ఒకేసారి తెరిస్తే లాకు అన్న మాటకే అర్థం ఉండదు, కాలువే కొట్టుకుపోతుంది. త్వచంలో గ్లూకోజ్‌ని మోసే ప్రోటీన్లు అచ్చం ఇలాగే పనిచేస్తాయి. ఒకసారి బయటికి తెరుచుకుంటాయి, ఒకసారి లోపలికి. రెండు వైపులా ఒక్కసారి ఎన్నడూ తెరుచుకోవు. 1966లో యార్డెట్స్కీ ఈ ఊహని నేచర్‌లో రాశాడు. లాకులు ఎంత నెమ్మదో ఈ ప్రోటీన్లూ అంతే. తూము కోట్లలో వదిలే సెకనులో ఇవి వందల్లో, వేలల్లో దాటిస్తాయి.

మూడోది మోటారు. నీళ్లని పల్లం నుంచి మెరకకి తోడాలంటే కరెంటో డీజిలో కావాలి. త్వచంలో పెద్ద మోటారు సోడియం–పొటాషియం పంపు. యెన్స్ స్కౌ 1957లో పీత నరాల్లో కనిపెట్టాడు. ఏటీపీ అనే ఇంధన అణువు ఒకటి ఖర్చు పెట్టి మూడు సోడియంలని బయటికి తోస్తుంది, రెండు పొటాషియంలని లోపలికి లాగుతుంది. దీనివల్ల కణం బయట సోడియం లీటరుకి దాదాపు 140 మిల్లీమోల్స్ (రేణువుల సంఖ్యని లెక్కగట్టే కొలత) ఉంటే లోపల 10–15 మాత్రమే. పొటాషియం అటుదిటు, లోపల 140, బయట నాలుగైదు. విశ్రాంతిగా పడుకున్నా మన ఒంటి ఇంధనంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఈ మోటార్లకే పోతుంది.

అయాన్లు ఇలా విడిపోవడం వల్ల త్వచానికి అటూ ఇటూ వోల్టేజి కూడా ఉంటుంది. నరాల కణంలో సుమారు 70 మిల్లీవోల్టులు. టార్చి సెల్లులో ఇరవయ్యో వంతు, ఏముంది అనిపిస్తుంది. కానీ అడ్డుగా ఉన్న నూనె 5 నానోమీటర్లే. మీటరుకి లెక్కగడితే 1 కోటి 40 లక్షల వోల్టులు. గాలిలో మీటరుకి 30 లక్షలు దాటితే నిప్పురవ్వ లేస్తుంది.

మాగాయ ఊట, రొయ్యల చెరువు

నీళ్ల ప్రయాణానికి ద్రవాభిసరణ అని పేరు. కరిగినవి తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకి త్వచం గుండా నీళ్లు పోవడం. దీనికి పుస్తకంలో ఎండుద్రాక్ష ప్రయోగం ఉంటుంది. నాకైతే మా పిన్ని మాగాయ జాడీయే నయం. తొక్క తీసిన మామిడి ముక్కల్లో ఉప్పూ పసుపూ కలిపి మూత పెడుతుంది. చుక్క నీళ్లు పొయ్యదు. మూడో రోజుకి ముక్కలు వాడిపోయి పుల్లటి ఊటలో మునిగి ఉంటాయి. ఆ ఊట అంతా ముక్కల కణాల్లోంచి ఉప్పు లాగిన నీరే. ముక్క లోపలికి ఉప్పు ఎక్కేది తర్వాతి సంగతి. నీళ్లు పోయి కణాలు చచ్చాక త్వచం కాపలా మానేస్తుంది, అప్పుడు ఉప్పు లోపలికి దూరుతుంది. బతికున్న త్వచం, చచ్చిన త్వచం రెండూ ఒకే జాడీలో కనిపిస్తాయి.

భీమవరం వైపు రొయ్యల రైతులకి ఇదే విషయం డబ్బుల లెక్కలో తెలుసు. వాళ్లు పెంచే వనామి రకం రొయ్య సముద్రపు జీవి. లీటరుకి పాతిక గ్రాముల ఉప్పున్న నీళ్లు దాని రక్తానికి దాదాపు సరిసమానం. డెల్టా చెరువుల్లో ఉప్పు శాతం అంతకంటే బాగా తక్కువ. నీళ్లు ఒంట్లోకి చొరబడుతుంటాయి, ఉప్పు జారిపోతుంటుంది. మొప్పల్లోని పంపులు రాత్రీపగలూ ఉప్పుని లోపలికి తోడుకోవాలి. ఆ పంపు తిరగడానికి పొటాషియం కావాలి. సముద్రపు నీటిలో 27 పాళ్ల సోడియానికి ఒక పాలు పొటాషియం ఉంటుంది. బోరు నీటి చెరువుల్లో పొటాషియం బాగా తక్కువుంటే మొప్ప పంపు సరిగ్గా తిరగదు, రొయ్యలు సరిగ్గా ఎదగవు, చనిపోతాయి కూడా. చెరువులో పొటాష్ కొట్టడం వెనక కథ ఇది. వరిచేలో వేసే పొటాష్ బస్తానే రొయ్యకీ వాడతారంటే కొత్తవాళ్లు నవ్వుతారు గానీ, సరఫరా అయ్యేది అదే పొటాషియం.

ఇప్పుడు ఆ ప్యాకెట్టు దగ్గరికి

పేగు లోపలి కణానికి రెండు ముఖాలు. ఒకటి మనం తిన్నది ఉండే వైపు, రెండోది రక్తం వైపు. రక్తం వైపు సోడియం మోటారు ఉంటుంది. అది సోడియాన్ని తోడిపారేస్తూ కణం లోపల కరువు ఉంచుతుంది. తిండి వైపు ఒక లాకు ఉంటుంది, పేరు ఎస్‌జీఎల్‌టీ1. రెండు సోడియంలూ ఒక గ్లూకోజూ ఎక్కితేనే అది సరిగ్గా తిరుగుతుంది. రేవులో జనం నిండితే గాని పంటు, అదే ఏరు దాటించే పడవ, కదలదు చూడండి, అలాగ. సోడియం కరువున్న వైపుకి ఉరుకుతుంది, ఆ ఊపులో గ్లూకోజ్ కూడా లోపలికి వస్తుంది. తీపి లేకపోతే ఈ పంటు కదలదు, సోడియం రేవులోనే నిలబడిపోతుంది. రాబర్ట్ క్రేన్ 1960లో ఈ జంట ప్రయాణాన్ని మొదట ప్రతిపాదించాడు. మొదటి ప్రశ్నకి జవాబు ఇదే. అక్కడ గ్లూకోజ్ ఉన్నది రుచికో నీరసానికో కాదు, సోడియానికి తోడుగా.

అంతకు ఏడాది ముందు, 1959లో, కలకత్తాలో శంభునాథ్ దే కలరా క్రిమి విడిచే విషాన్ని పట్టుకున్నాడు. ఆ విషం పేగు కణాల్లో క్లోరైడ్ తూముని తెరిచి మూతపడకుండా చేస్తుంది. క్లోరైడ్ పేగులోకి పోతుంది, వెనకే సోడియం, వెనకే నీళ్లు. ముదిరితే గంటకి లీటరు నీరు పోవచ్చు. కానీ ఆ విషం ఎస్‌జీఎల్‌టీ1 లాకుని ముట్టుకోదు. తూము తెగి వరద పోతున్నా పక్కన పంటు నడుస్తూనే ఉంటుంది. ఓఆర్‌ఎస్ తూముని బాగుచెయ్యదు, ఆ పంటుని నింపుతుంది. అందుకే అది తాగాక విరేచనాలు వెంటనే ఆగవు. "తాగిస్తున్నా ఆగట్లేదండి, మందు పనిచెయ్యట్లేదు" అనుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల మధ్య, బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ పొట్లాలు కట్టి నీళ్లలో కలిపి తాగించింది. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. ఆయన 2022లో పోయారు, మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా ఇచ్చి ఉండాల్సింది.

ఇక రెండో ప్రశ్న, ఎక్కువ తీపి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న కొలత ప్రకారం లీటరు నీటిలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. కరిగాక రేణువుల లెక్క లీటరుకి మిల్లీమోల్స్‌లో చూస్తే సోడియం 75, గ్లూకోజ్ 75, క్లోరైడ్ 65, పొటాషియం 20, సిట్రేట్ 10, మొత్తం 245. మన రక్తంలో ఈ లెక్క 290 దగ్గర ఉంటుంది. ఓఆర్‌ఎస్ రక్తం కంటే పల్చన, కాబట్టి నీళ్లు పేగు నుంచి ఒంట్లోకి వాలుతాయి.

లీటరుకి 100 గ్రాముల పంచదార ఉన్న తీపి డ్రింకు ఒకటి అనుకుందాం. పంచదార అణువు బరువు 342, కాబట్టి రేణువులు 292. పేగులో ప్రతి పంచదార అణువూ గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా రెండు ముక్కలవుతుంది, అంటే 584. రక్తానికి రెట్టింపు చిక్కన. నీళ్లు వాలే దిక్కు మారిపోతుంది, పేగు మాగాయ జాడీ అవుతుంది. పైగా ఫ్రక్టోజ్ వేరే దారిన పోతుంది, సోడియాన్ని వెంటబెట్టుకోదు. ఇలాంటి డ్రింకుల్లో సోడియం కూడా తక్కువుంటే పంటులో సోడియం సీట్లు ఖాళీగానే ఉంటాయి.

అలాంటి డబ్బాల పేరులో ఓఆర్‌ఎస్ అని ఉండొచ్చా అన్నది వివాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ ఇది కాదని డబ్బా మీదే రాస్తే పేరు ఉంచుకోవచ్చని ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో వెసులుబాటిచ్చింది, 2025 అక్టోబరులో దాన్ని వెనక్కి తీసుకుంది. ఎండకి చెమట పట్టిన ఆరోగ్యవంతుడికి తీపి డ్రింకు విషమేమీ కాదు, ఆ మాట నిజమే. కానీ విరేచనాలతో ఉన్న పిల్లాడి కోసం షాపుకి పరిగెత్తుకొచ్చినవాళ్లు పెద్దక్షరాలే చదువుతారు. డబ్బా వెనక చిన్నక్షరాలు చదివేవాళ్లని నేను పెద్దగా చూడలేదు.

ఇంకా తేలనివి

లాకు సోడియాన్ని, గ్లూకోజ్‌ని దాటిస్తే నీళ్లు వెనకే వస్తాయన్నాను. ఎలా వస్తాయన్న దగ్గర రెండు పక్షాలున్నాయి. ఎక్కువమంది చెప్పేది ద్రవాభిసరణ. 1996లో ఎర్నెస్ట్ రైట్ బృందం, ఎస్‌జీఎల్‌టీ1 తిరిగిన ప్రతిసారీ సుమారు 260 నీటి అణువుల్ని తనతోపాటే మోస్తుందని రాసింది. కాదు, అది లాకు పక్కన అప్పటికప్పుడు పెరిగిన చిక్కదనం వల్ల జరిగిన ద్రవాభిసరణే అని ఇంకో పక్షం. ఓ చిన్న లెక్క చూడండి. రక్తమంత చిక్కదనంలో ఒక్కో రేణువుకి సుమారు 190 నీటి అణువులు ఉంటాయి. ఒక ట్రిప్పులో రెండు సోడియంలు, వాటికి జతగా పోయే రెండు క్లోరైడ్లు, ఒక గ్లూకోజ్, మొత్తం ఐదు రేణువులు. అంటే 950 నీటి అణువులు దాటాలి. 260 నిజమే అనుకున్నా పావు వంతుకి కాస్త ఎక్కువ, మిగతాదానికి మామూలు దారే. అందుకని ఈ గొడవ ఎటు తేలినా ప్యాకెట్టు కొలత మారదు.

రెండో వివాదం త్వచం లోపలి అమరిక మీద. సింగర్, నికల్సన్ చెప్పినట్టు అన్నీ స్వేచ్ఛగా తేలుతున్నాయా? 1997లో సైమన్స్, ఇకోనెన్ లిపిడ్ తెప్పల మాట తెచ్చారు. కొలెస్ట్రాల్, తిన్నటి తోకల కొవ్వులు ఒకచోట గుంపుకట్టి, కొన్ని ప్రోటీన్లని ఎక్కించుకుని తిరుగుతాయని. కాలువలో గుర్రపుడెక్క గుంపుల్లాగ. ఒప్పుకోనివాళ్ల అభ్యంతరం ఏమిటంటే, ఆ గుంపులు కణాన్ని డిటర్జెంటులో కరిగించాకే కనిపించాయి, ఆ డిటర్జెంటే గుంపులు కట్టించి ఉండొచ్చు కదా అని. ఉన్నా 10 నుంచి 200 నానోమీటర్ల లోపు, క్షణంలో కట్టి క్షణంలో విడిపోయేవని తర్వాత సర్దుబాటు కుదిరింది. జపాన్‌లో కుసుమి బృందం ఇంకో బొమ్మ చూపించింది. త్వచం అడుగున కణం తడికలు కట్టుకుంది, ప్రోటీన్లు ఒక మడిలో కాసేపు తిరిగి, దడి దాటి పక్క మడిలోకి గెంతుతాయి అని. గుర్రపుడెక్కా దడీ రెండూ ఒకే కాలువలో ఉండడం మాకు మామూలే కాబట్టి, ఈ రెండు బొమ్మలూ ఒకదాన్నొకటి కాదనుకోవాలని నాకనిపించదు.

గంజి సంగతి

మా నాయనమ్మ విరేచనాలకి గంజిలో ఉప్పేసి తాగించేది. చిన్నప్పుడు అది బీద వైద్యం అనుకునేవాణ్ణి. గంజిలో ఉండేది పిండి పదార్థం, గ్లూకోజ్‌లే వందలూ వేలూ గొలుసుగా కట్టుకుని ఉంటాయి. చిక్కదనం లెక్కలో ఆ గొలుసు మొత్తం ఒక్క రేణువే. కాబట్టి తీపి డ్రింకులా నీళ్లని వెనక్కి లాగదు. ఆ గొలుసుని మన ఎంజైములు తుంచుకుంటూ వస్తాయి, చివరి ముక్కలు పేగు గోడ దగ్గరే, సరిగ్గా లాకు ముందరే, గ్లూకోజ్‌లుగా విడిపోతాయి. కొలిచిన ఉప్పులతో బియ్యప్పిండి ఓఆర్‌ఎస్ కూడా తయారుచేసి చూశారు. కలరా రోగుల్లో అది విరేచనాల పరిమాణాన్ని తగ్గించిందని ప్రయోగాల్లో తేలింది. నాయనమ్మ గంజిలో తేడా ఉప్పు కొలతలోనే. ఆవిడ చేతికి ఎంతొస్తే అంత వేసేది.